కాకి ముట్టిన ముద్ద

"మంచినీళ్ళయినా తాగవేటే?"

"తాగను. మీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టొద్దని మా అమ్మ సెప్పి పంపినాది."

"ఎందుకట?"

"ఎందుకో నీకు తెల్దా? మా అమ్మ పోలీసులకి సెప్పలేదన్న మాట నీ నోటంట రావాల. అది వొచ్చినాకే నీళ్ళు."

"నాకు తెలీని మాట నా నోటంట ఎలగొస్తాది నూకాలూ? సెప్పిందనీ నాను అన్లేదు, సెప్పలేదనీ అన్లేను."

"మీ అమ్మమ్మ అందరి ముందూ అన్నాదే, ఆవిడికి తెలిసే అన్నాదేటి?"

"ఆవిడ సచ్చిపోయింది. పోయినోళ్ళతో తగువెందుకు?"

"మా అమ్మ ఇంకా బతికుంది. అందుకు."

"అరే మామ్మా, చుప్ రహో నా! ఒక్క మాట వినిపించట్లేదు. దీని మీద రాసి తెమ్మంది మా టీచరు," అని నా మనవరాలు స్వాతి టీవీ సౌండు పెంచింది. కరెంటు ఊరికే వస్తోందా అని దాన్ని కసిరాను గానీ, నా కోపం దాని మీద కాదు. నూకాలు ముందు పెట్టిన స్టీలు గ్లాసు అలాగే ఉంది. ఇంటికొచ్చిన మనిషి నీళ్ళు ముట్టకపోతే ఆ ఇల్లాలికి అంతకంటే చెంపదెబ్బ లేదు. అది తెలిసే వాళ్ళమ్మ అలా చెప్పి పంపింది.

నూకాలు చిన్నప్పుడు మా పక్కింటి పిల్ల. నలభై అయిదేళ్ళు దాటింది దాన్ని చూసి. ఖరగ్‌పూర్ నుంచి రాయపూర్‌కి పెళ్ళికని వచ్చి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా అబ్బాయి క్వార్టరు పట్టుకుంది. జుట్టు నెరిసింది, పళ్ళు కొన్ని పోయాయి, నడక మాత్రం వాళ్ళమ్మ పైడితల్లి నడకే. గుమ్మంలో నిలబడగానే గుర్తుపట్టాను. పైడితల్లి మంచం పట్టిందట, మాట ఇంకా స్పష్టంగానే ఉందట. రాయపూర్ వెళ్తున్నానని కూతురు చెప్పగానే, "సత్యవతి ఎక్కడుందో కనుక్కో, అడుగు" అందట. అంతే. నీళ్ళు ముట్టొద్దన్నది ఒక్కటే దానికి చేర్చిందట.

టీవీలో వస్తున్నది ఏమిటో చెప్పకపోతే మా తగువు అర్థం కాదు. యూరపులో పెద్ద యుద్ధం జరిగినప్పుడు యూదుల్ని ఏరి ఏరి పట్టుకుపోయి చంపేవారట. ఆ రోజుల్లో ఒక ఇంటి పైభాగంలో తల్లిదండ్రులతో దాక్కున్న ఒక ఆడపిల్ల డైరీ రాసుకుంది. చివరికి వాళ్ళు దొరికిపోయారు. పిల్ల చచ్చిపోయింది, డైరీ మిగిలింది. ఆ డైరీ మీద తీసిన సినిమా అది, హిందీ మాటలు పెట్టి వేస్తున్నారు. నేను చూసిన మొదటిది కాదు ఇది. ఇదే పిల్ల కథ మీద ఇంకెవరో తీసిన ఇంగ్లీషు సినిమాని నా చిన్నతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో దుప్పటి తెర మీద చూశాను. నూకాలు కూడా చూసింది. వాళ్ళమ్మ సగమే చూసింది. నేను రాయబోయేది ఆ సగం గురించే.

అప్పట్లో మేం రాయపూర్‌లోనే గుఢియారీలో, రైలు లైను పక్కన అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా నాన్న పప్పు మిల్లులో తూకం దగ్గర పనిచేసేవాడు. ఆయన బట్టలకి ఎప్పుడూ కందిపొట్టు వాసన. ఒకే పెంకుల కప్పు కింద రెండు వాటాలు, మధ్య నిలువెత్తు గోడ. అవతల వాటా పైడితల్లిది. వాళ్ళాయన రైల్వేలో. మాదీ వాళ్ళదీ కూడా శ్రీకాకుళం వైపే కాబట్టి పండగా పబ్బం, పురుడూ పుణ్యం ఆ గోడ మీదుగానే నడిచేవి. మా ఇంట్లో పాలకి తోడు ఎప్పుడూ పైడితల్లి ఇంటిదే. మా అమ్మ తోడు ఉంచుకోవడం మరిచిపోయేది, లేకపోతే పులిసి పోయేది. సాయంత్రం గోడ మీంచి ఒక చిన్న గిన్నె వచ్చేది, పొద్దున్నే ఆ గిన్నె కడిగి అందులో చిటికెడు పంచదారో, నాలుగు మిరపకాయలో వేసి తిరిగి ఇచ్చేవాళ్ళం. వట్టి గిన్నె తిప్పి ఇవ్వకూడదు. మా పెరట్లో వంటింటి గుమ్మం నుంచి సగం దూరం దాకా ఆనపపందిరి. అది దాటితే కాస్త ఎండ పడే జాగా, దాని చివర వెనక గోడ. ఆ గోడకి అవతల పట్టాలు, పట్టాల మీద మనుషులు దాటే ఇనుప వంతెన. మిల్లులకీ స్టేషనుకీ పోయే జనం పొద్దస్తమానం ఆ వంతెన మీద నడుస్తూనే ఉండేవారు. వాళ్ళ కళ్ళు పడకుండా ఆడవాళ్ళు స్నానాలు చేసుకోవాలనే మా నాన్న ఆ పందిరి వేయించాడు. ఆనపకాయలు దాని తరవాతి లాభం.

ఇంట్లో పెద్దరికం మా అమ్మమ్మది. ఆవిడకి మా అమ్మ, ఆ తరవాత మా మావయ్య, ఇద్దరే పిల్లలు. అడ్డచుట్ట తాగేది, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, పిండి రుబ్బేది. బియ్యం ఆవిడ చేత్తోనే కొలిచి ఇచ్చేది. అన్నం మెతుకు నేల మీద పడితే ఏరి కడిగి తినిపించేది. నన్ను పిసినారి అనేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళు మా అమ్మమ్మని చూడలేదు.

మావయ్యది రైల్వే షెడ్డులో పని. పెళ్ళి కాలేదు, నలుగురితో కలిసి వేరే గదిలో ఉండేవాడు. యూనియన్‌లో మాట్లాడేవాడు. సమ్మె వచ్చింది, విరిగింది. సమ్మె విరిగింది గానీ వారెంట్లు విరగలేదు. ఒకనాడు మధ్యాహ్నం నెత్తిన బొగ్గుల బస్తా పెట్టుకుని ఒక మనిషి మా పెరటి తలుపు తట్టాడు. బొగ్గులు వద్దు పొమ్మని అమ్మ కసరబోతే, "అప్పా, నానే" అన్నాడు. అక్కని ఆయన అప్పా అనేవాడు. బస్తాతో పాటు లోపలికి వచ్చిన మావయ్య మళ్ళీ కొన్ని నెలల దాకా గుమ్మం దాటలేదు.

ఆ వరసలో అన్ని ఇళ్ళకీ లాగే వంటింటి పైన అటక ఉండేది. చింతపండు కుండ, పొట్టు బస్తాలు, విరిగిన ఉయ్యాల, వానాకాలం పిడకలు అక్కడే. ఆ పిడకల వెనక మావయ్య పడుకునేవాడు. కూర్చుంటే తల పెంకులకి తగిలేది. కింద పొయ్యి రాజేస్తే పొగంతా ఆయనకే. ఆయన దగ్గితే అమ్మ రోకలి అందుకునేది, దంచడానికి ఏమీ లేకపోయినా దంచేది. ఆయన బీడీ కాలిస్తే అమ్మమ్మ ఇంకో చుట్ట ముట్టించేది, ఒక వాసనని ఇంకో వాసనతో కప్పడానికి. బియ్యం ఎక్కువ తెస్తే దుకాణంవాడికి తెలుస్తుందని సరుకులు పెంచలేదు. అమ్మమ్మ శనివారాలు ఉపవాసం అంది, తరవాత సోమవారాలు అంది, తరవాత పేరు పెట్టడం కూడా మానేసి ఊరికే తినడం మానేసింది. ఆ ముద్ద అటకెక్కేది. తిండి తగ్గించుకోవడం నేను ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను, ఇప్పటికీ మానలేదు.

నా చదువు మూడో క్లాసుతో ఆగింది, అదీ హిందీ బడిలో. తెలుగు అక్షరాలు నాకు అటక మీంచి వచ్చాయి. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ నేను నిచ్చెన మీద నిలబడి అరచెయ్యి పైకి చాపితే, మావయ్య దాని మీద వేలితో అక్షరం రాసేవాడు. మాట పైకి అనకూడదు. నేను అదే అక్షరం తిరిగి ఆయన చేతిలో రాయాలి. తప్పు రాస్తే గిల్లేవాడు. ఈ కాగితాల మీద నేను రాస్తున్న ప్రతి అక్షరం ముందు నా అరచేతిలో పడిందే.

మా తాతయ్య తద్దినం వచ్చింది. ఇంట్లో జరిగిన ఒకే ఒక పెద్ద తగువు అదే, అది కూడా గుసగుసల్లో. కాకికి ముద్ద కొడుకు చేత్తో పెట్టాలని అమ్మమ్మ, వద్దని అమ్మ.

"అల్లుడు పెడతాడే అమ్మా. ఈ ఏటికి ఆయన సేత పెట్టిద్దాం."

"అల్లుడు పెడితే ఆ మనిషి తింటాడేటి? కొడుకు ఇంట్లో ఉండి, కొడుకు లేనోడిలాగ అల్లుడి సేత పెట్టించుకుంటాడా?"

"ఆడు బయటికొస్తే పట్టుకుపోతార్రా నాయనా అని నాను ఏడుస్తుంటే నీకు పోయినోడి ఆకలి కావాలేటి?"

"నాకు ఇద్దరూ కావాల," అంది అమ్మమ్మ. "పందిరి కిందే పెడతాడు. పైనుంచి ఎవులికీ అవుపడదు. సిటికెలో పని."

మావయ్యని అడిగారు. "పెడతాను" అన్నాడు.

ఆ రోజు నేను బయట చేరి ఉన్నాను. మైలపడ్డ పిల్ల తద్దినం వంట దగ్గరికి, పెరట్లోకి రాకూడదు కాబట్టి నన్ను వీధి అరుగు మీద గోనెపట్టా చాటున కూర్చోబెట్టారు. అందుకే నేను ఏమీ చూడలేదు. వాసనలు వచ్చాయి. గారెలు, నువ్వులపొడి, తాతయ్యకి ఇష్టమని వేయించిన ఎండుచేపలు. తరవాత కాకి అరుపు విన్నాను, ఒకటి కాదు, గుంపు. అమ్మమ్మ వంటింట్లోంచే ఆ అరుపు విని సంతోషంగా, "ముట్టింది, ముట్టింది! ఎంటనే ముట్టింది, ఎంత ఆకలి మీదున్నాడో" అనడం విన్నాను. ఆ మధ్యాహ్నమే పైడితల్లి తోడు గిన్నె గోడ మీద పెట్టి, "ఏటి అత్తా, గారెల వాసనొస్తంది" అనడం కూడా విన్నాను.

దీపాలు పెట్టే వేళకి పోలీసులు వచ్చారు. వీధిలోంచి కొందరు, పెరట్లోంచి కొందరు. ఎక్కడా వెతకలేదు, సరాసరి వంటింట్లోకి పోయి నిచ్చెన అడిగారు. మావయ్య ఆయనంతట ఆయనే దిగాడు. దిగేటప్పుడు చింతపండు కుండ కాలు తగిలి పగిలింది. అరుగు మీద నా ముందునుంచే తీసుకుపోయారు. నేను మైలలో ఉన్నానని తెలుసు కాబట్టి ముట్టుకోకుండా పక్కకి తప్పుకుని నడిచాడు.

ఎవరు చెప్పారు? మా ఇంట్లో ఆ తరవాత వేరే మాట లేదు. పందిరి కింద పెట్టిన ముద్ద వంతెన మీంచి కనపడదు. కనపడేది ఒక్క పక్క గోడ మీంచే. పైడితల్లి మొగుడు సమ్మెలో కూడా డ్యూటీకి పోయినవాడు. ఆవిడ ఆ వేళకే గోడ దగ్గరికి వచ్చింది, గారెల వాసన అంది. అమ్మమ్మ లెక్క అది. మా నాన్న ఒకటి రెండుసార్లు, "సూడకుండా అనకూడదు అత్తా" అన్నాడు. అల్లుడి మాట అంతవరకే చెల్లింది. కానీ అమ్మమ్మ కూడా పైకి ఏమీ అనలేదు, ఆ సినిమా వచ్చేదాకా.

ఇన్‌స్టిట్యూట్‌లో నెలకోసారి మిషను పెట్టి సినిమా వేసేవారు. రైల్వేవాళ్ళ చుట్టాలమని మమ్మల్నీ రానిచ్చేవారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు చాపలు తెచ్చుకుని ఒకవైపు. ఇంగ్లీషు బొమ్మ అయితే ఒకాయన మైకు దగ్గర నిలబడి కథ హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి బొమ్మ ముందుకు పోయేది, ఏడవాల్సిన చోట జనం నవ్వేవారు, నవ్వాల్సిన చోట ఊరుకునేవారు. ఆ రోజు కూడా మొదట అలాగే నడిచింది. తెర మీద వాళ్ళు దాక్కున్న చోటు చూసి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "ఇదేటి అటకా? కుర్సీలున్నాయి, బల్లుంది, మంచాలున్నాయి! మన క్వార్టరు ఇంత నేదు," అందొకావిడ. తిండి దగ్గర వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటుంటే మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల్లిని ఎదిరిస్తే, "లెంపకాయ కొట్టదేటి ఆ తల్లి" అన్నారు. మా అమ్మమ్మ చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తియ్యలేదు. తెర మీద ఎవరైనా దగ్గితే మా అమ్మ చెయ్యి రోకలి కోసం అన్నట్టు చాప మీద వెతికేది. నేను చూశాను.

పైడితల్లి మాకు కొంచెం ముందు కూర్చుంది, నూకాలుని ఒళ్ళో పెట్టుకుని.

బూట్ల చప్పుడు వచ్చింది. మెట్లెక్కుతున్న చప్పుడు. మైకు ఆయన గొంతు తగ్గించి, "ఎవరో చెప్పేశారు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు" అన్నాడు.

"తెలీకపోడమేటి!" అంది మా అమ్మమ్మ.

లేచి నిలబడింది. మిషను వెలుతురు ఆవిడ మీద పడి, నీడ పోయి తెర మీద పడింది. బూట్లవాళ్ళూ తలుపూ అన్నీ ఆ నీడలో మునిగిపోయాయి. "కూర్చో ముసలమ్మా" అని మగవాళ్ళ వైపు నుంచి అరుపులు. ఆవిడ కూర్చోలేదు. "పైడితల్లీ, నువ్వు సెప్పే. ఎవులు సెప్పుంటారో నీకు తెలుస్తాది. ఈ దొరలకి తెల్దంట, నువ్వు సెప్పు" అంది.

అందరూ తెర వదిలేసి పైడితల్లిని చూశారు. సినిమా తనమానాన తాను ఆడుతోంది, చూసేవాడు లేడు. పైడితల్లి ఏదో అనబోయింది. నూకాలుని చంకనేసుకుని జనం మధ్యలోంచి బయటికి నడిచింది. ఆవిడ నీడ కూడా తెర మీదికి ఎక్కి, పెద్దదై, పక్కకి జారిపోయింది. తప్పు చేయకపోతే లేచి పోవడమెందుకు అన్నారు. కూర్చుని ఉంటే, సిగ్గు లేకుండా ఎలా కూర్చుందో చూడండి అనేవారు. ఇది నాకు ఇప్పుడు తెలిసిన సంగతి, అప్పుడు కాదు.

మర్నాటి నుంచి కుళాయి దగ్గర ఆవిడ బిందెని వెనక్కి జరపడం మొదలైంది. పురుళ్ళకి పిలవలేదు. తోడు గిన్నె ఒకటి రెండు సాయంత్రాలు గోడ మీదికి వచ్చింది, అమ్మమ్మ దాన్ని అలాగే ఉంచేసింది. పిల్లి మూతి పెట్టింది. తరవాత రావడం మానేసింది. పాలు పోసే ఛత్తీస్‌గఢీ ముసలమ్మని అడిగి మేం వేరే తోడు తెచ్చుకున్నాం. ఎండలు ముదిరేసరికి పైడితల్లి మొగుడు బదిలీ వేయించుకున్నాడు. వాళ్ళు సామాను బండి ఎక్కిస్తుంటే నూకాలు నా కేసి చెయ్యి ఊపింది. అమ్మమ్మ పక్కనే ఉంది. నేను ఊపలేదు.

మావయ్య తిరిగి వచ్చేసరికి పక్క వాటాలో వేరేవాళ్ళు ఉన్నారు. ఆయన ఎడమ చెవి వినపడేది కాదు. ఉద్యోగం పోయింది. పండరీ బట్టల బజారులో గుడ్డ ముక్కలు కొని సైకిలు మీద ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. అమ్మ అడిగింది, ఎవులు సెప్పినార్రా అని. ఆయన కుడి చెవి ఇటు తిప్పి, మళ్ళీ అడిగించుకుని, "ఆ దినం ఎండ సూసినాను అప్పా. నెత్తి మీద ఎండ పడ్డాది. అది సాలు" అన్నాడు. చెప్పింది పైడితల్లేనట అని అమ్మమ్మ అందుకుంటే, లేచి సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెళ్ళి చేసుకోకుండానే పోయాడు. ఆయన తద్దినానికి ముద్ద పెట్టే కొడుకు లేడు.

ఇక నూకాలు వచ్చిన సాయంత్రం సంగతి. స్వాతి, దాని స్నేహితురాళ్ళు ఇద్దరు నేల మీద కూర్చుని చూస్తున్నారు. బిస్కెట్ల ప్రకటన వచ్చినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటున్నారు. "కిత్నీ స్వీట్ హై నా" అంటారు ఆ పిల్లని చూసి. అప్పటి ఆడవాళ్ళకి కుర్చీలు కనిపించాయి, వీళ్ళకి పిల్ల ముఖం కనిపిస్తోంది. స్వాతి కంచంలో అన్నం సగం వదిలేసి ఏడుస్తోంది. తిండి లేనివాళ్ళ కోసం ఏడుస్తూ కంచంలో అన్నం ఎండబెట్టేదాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాటే అన్నాను. "మామ్మా, నీకు దిల్ లేదు" అంది.

నూకాలు తెర చూడటం లేదు, నన్ను చూస్తోంది. ఖరగ్‌పూర్‌లో కూడా వాళ్ళకి సుఖం లేదట. రాయపూర్ నుంచి బదిలీ మీద వెళ్ళినవాళ్ళెవరో కథ మోసుకుపోయారట. "ఆ సినిమా ఆవిడ" అని పేరు పడిందట వాళ్ళమ్మకి. చెప్పింది ఏమిటో, ఎవరి గురించో అక్కడ ఎవరికీ తెలియదు, పేరు మాత్రం నిలిచిపోయింది. దాని పెళ్ళి సంబంధం ఒకటి ఆ పేరు మీదే చెడిందట. వాళ్ళమ్మ మళ్ళీ జన్మలో సినిమాకి పోలేదట. ఇవన్నీ నూకాలు గొంతు పెంచకుండా చెప్పింది. గ్లాసు ముట్టలేదు.

తెర మీద ఆ పిల్ల కిటికీ సందులోంచి ఆకాశం చూస్తోంది. స్వాతి స్నేహితురాలు విసుక్కుంది. "పాగల్ హై క్యా? పదే పదే కిటికీ దగ్గరికి ఎందుకు పోతుంది? దొరికిపోతారు కదా!"

"ఎంతకాలమని పోకుండా ఉంటాది?" అన్నాను నేను. అన్నాక నా మాట నాకే వినపడింది. నెత్తి మీద ఎండ పడ్డాది అన్నాడు మావయ్య. మా ఆనపపందిరి కింద మధ్యాహ్నం కూడా చీకటి. దాని కింద నిలబడితే నెత్తి మీద ఎండ పడదు. కాకులు గుంపుగా అరిచాయి, వెంటనే ముట్టాయి. నేను ఇన్నేళ్ళుగా తద్దినాలకి ముద్దలు పెట్టించాను. తీగలు కమ్ముకున్న పందిరి కిందకి కాకి దిగదు, దానికి పైన ఆకాశం కనపడాలి. మరి ఆ ముద్ద ఎక్కడ పెట్టినట్టు?

బూట్ల చప్పుడు వచ్చింది. పిల్లలు ముగ్గురూ ఒక్కసారే మొదలుపెట్టారు. "కింద పనిచేసేవాడే చెప్పాడు." "నహీఁ, ఆ లావుపాటి ఆవిడ, దాని ముఖం చూడు." "అవును అవును, దాని ముఖమే అలా ఉంది." నూకాలు అప్పుడు తెర వైపు తిరిగింది. ఆ లావుపాటి ఆవిడ ముఖం కేసి చాలాసేపు చూసింది.

"టీవీ కట్టెయ్," అన్నాను.

"అయిపోలేదు మామ్మా!"

"అయిపోయింది. ఇంక అందరూ సచ్చిపోతారు. కట్టెయ్."

చూడకుండా మాట ఇవ్వడం నాకు చేతకాదు. నూకాలు చాప మీద పడుకుంది, నేను మంచం మీద. "పొద్దున్న స్టేషనుకి నానొస్తాను, గుఢియారీ మీంచి పోదాం" అని మాత్రం చెప్పాను. "చుట్టు కదా" అంది. "చుట్టే," అన్నాను.

మర్నాడు పొద్దున్న పాత నీళ్ళ సీసా ఒకటి కడిగి, మా కుళాయి నీళ్ళు పట్టి సంచిలో పెట్టుకున్నాను. గుఢియారీలో దిగి ఇద్దరం ఇనుప వంతెన ఎక్కాం. మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగాల్సి వచ్చింది. మా పాత ఇల్లు ఇంకా ఉంది. పెంకులు పోయి రేకులు వచ్చాయి. పందిరి లేదు. వంటింటి గుమ్మం, దాని ముందు జాగా, చివర వెనక గోడ. గోడ మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది, పక్కన సబ్బుముక్క. వంతెన మీంచి తువ్వాలు అంచూ కనపడుతోంది, సబ్బు రంగూ కనపడుతోంది. మా వెనక జనం పనుల మీద పోతూనే ఉన్నారు.

"పందిరి అక్కడిదాకానే ఉండేది," అని చూపించాను. "కాకి దాని కిందకి రాదు. ముద్ద ఆ గోడ మీద పెట్టుంటాడు. ఎండలో."

నూకాలు కడ్డీలు పట్టుకుని చూసింది. "అంటే మా అమ్మ సెప్పలేదు."

"మీ అమ్మే సెప్పాల్సిన పని లేదే. ఇక్కడ నడిచిపోయే ఎవుడైనా సూడొచ్చు. మీ అమ్మ సెప్పిందని మేం అనడానికి ఆధారం పందిరొక్కటే. ఆ పందిరి అబద్ధం. నాను అనగలిగిన మాట ఇంతే."

అది ఆ మాటని నోట్లోనే ఒకసారి అనుకుంది. పెదవులు కదిలాయి. "ఇదే మాట సెప్తాను అమ్మకి. నువ్వన్నది అన్నట్టు," అంది.

ప్లాట్‌ఫారం మీదికి బండి వచ్చింది. నూకాలు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక సీసా తీసి ఇచ్చాను. అందుకుంది. మూత మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసింది.

"ముందు అమ్మ తాగాల," అంది.

సీసాని చీర చెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. బండి కదిలింది. కనిపించినంత దూరం చూశాను. మూత తియ్యలేదు.